పాత టేకు తలుపుతో టీపాయ్: పలకలు ఎలా బిగించాలి?

గట్టుమీద:
రాజమండ్రిలో మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు వీధి తలుపు రెక్క ఒకటి హైదరాబాదు తెచ్చుకున్నాను. టేకు, అంగుళంపావు మందం. పైన ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం, ఇంకా కింద ఏముందో తాతగారికే తెలియాలి. దీన్ని సోఫా ముందు టీపాయ్‌గా మార్చాలని నా పట్టుదల. సోఫా ఆరడుగులు, కూర్చునే ఎత్తు 17 అంగుళాలు. చేతిరంపం, డ్రిల్లు, చిత్రిక ఉన్నాయి. మా వడ్రంగి "ఇదంతా ఎందుకండీ, ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటిద్దాం, సాయంత్రానికి అయిపోతుంది" అంటున్నాడు. ఆయన మాట వినే ఉద్దేశం లేదు. తలుపు నుంచి వచ్చే మూడు పలకలను పక్కపక్కన జిగురుతో అతికిస్తే చాలా? కింది అడ్డపట్టీలకు స్క్రూలు గట్టిగా బిగించవచ్చా?

రంపంపొట్టు:
జిగురు చాలు. అంచులు చిత్రిక పట్టి, రెండు పలకలూ ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. సందులోంచి వెలుగు కనిపించకూడదు. అలా కుదరకపోతే సామిల్లులో అంచులు తీయించండి, అందులో చిన్నతనమేమీ లేదు. జిగురు రాశాక క్లాంపులు రాత్రంతా ఉంచండి.

స్క్రూలు మాత్రం గట్టిగా వద్దు. చెక్క పొడవు దాదాపు మారదు. వెడల్పు మాత్రం వానాకాలంలో పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. టేకు మిగతా చెక్కలకంటే తక్కువే కదులుతుంది కానీ, కదలకుండా కట్టిపడేస్తే అదీ చీలుతుంది. పట్టీ నడుమ స్క్రూకు మామూలు రంధ్రం పెట్టండి. అటూ ఇటూ ఉన్నవాటిని పట్టీ పొడవునా కోలగా సాగదీసి, వాషరు వేసి బిగించండి. ఎత్తు 16 అంగుళాలు, పొడవు నాలుగడుగులు మీ సోఫాకు సరిపోతాయి.

పసుపుగడప:
చిత్రిక పట్టే ముందు ఆ రంగు సంగతి చూడండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమలులోకి రాలేదు. పొడిగా గరుకు కాగితం రుద్దారా, ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. రంగు తొలగించే ద్రావణం పూసి, మెత్తబడ్డాక తడిగానే గీకేయండి. మంట పెట్టి కాల్చవద్దు. గుడ్డ కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు కావాలి. పెచ్చులు ఊడ్చకండి, తడి కాగితంలో చుట్టి తీసేయండి. మేకులు విరిగి లోపల ఉండిపోయి ఉంటాయి, అయస్కాంతంతో వెతకండి.

గట్టుమీద:
మూడేళ్ల పాప ఉంది మాకు. రంగు పని మేడ మీదే, పాప నిద్రపోయాక కూడా ఇంట్లో చేయను. పాలిష్ ఏది మంచిది? లక్క పాలిష్ అంటే నాకు ఇష్టం.

రంపంపొట్టు:
చూపుకు దానికి సాటి లేదు. కానీ వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. పైపలకకు పాలీయురేథేన్ పలుచగా మూడు పూతలు వేయండి, పూతకూ పూతకూ మధ్య సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దుతూ. లక్క మీద అంత ఇష్టముంటే కాళ్లకు పెట్టుకోండి.