‘న్యుమో’ అంటే గాలా, ఊపిరితిత్తా? ముందున్న పి ఎందుకు పలకరు?

తాళ్లరేవు అమ్మాయి:
నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నా. పది దాకా తెలుగు మీడియం. న్యుమోనియా ఊపిరితిత్తులది, సరే. పడక పుండ్లు రాకుండా వేసే గాలి పరుపుని కూడా న్యుమాటిక్ అంటారేంటండీ? స్పెల్లింగ్‌లో ముందు పి ఉంటుంది, పలకరు. అదే పి స్లీప్ ఆప్నియాలో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) పలుకుతారు. దేన్ని పట్టుకోవాలి?

గోదారి గట్టు:
మా అమ్మమ్మ ‘నెమ్ము చేసింది’ అనేది. న్యుమోనియాలోంచి వచ్చిందా అది?

బోటనీ మాస్టారు (రిటైర్డ్), కాకినాడ:
కాదు బాబూ. నెమ్ము అంటే తేమ, అచ్చంగా మనదే. వానాకాలం గోడ నెమ్మెక్కింది అనమూ?

అమ్మాయీ, గ్రీకులో రెండు మాటలున్నాయి. ప్నెవ్మా అంటే గాలి, ఊపిరి. ప్నెవ్మోన్ అంటే ఊపిరితిత్తి. ఇంగ్లీషుకొచ్చేసరికి రెండూ ‘న్యుమో’ అయిపోయాయి, అక్కడొచ్చింది చిక్కంతా. న్యుమోథొరాక్స్‌లో ఉన్నది గాలి: ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. న్యుమోనెక్టమీలో తీసేసేది మాత్రం ఊపిరితిత్తినే. వెనకున్న ముక్క చూడందే తేలదు.

మీది తాళ్లరేవంటున్నావు, కోరింగ మడ అడవి పక్కనేగా! తెల్లమడ చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిక్కబొడుచుకున్న వేళ్లు చూసే ఉంటావు. న్యుమాటోఫోర్లంటే అవే. ఆ బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. నీరు దిగినప్పుడు ఆ వేళ్ల మీది సన్నని రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోతుంది. నా విద్యార్థులకి బోర్డు మీద బొమ్మ ఎన్నిసార్లు గీసినా ఎక్కేది కాదు, పడవలో తీసుకెళ్తే ఒక్కపూటలో ఎక్కింది.

ఇక పి సంగతి. గ్రీకులు ‘ప్న’ అనే పలికారు. ఇంగ్లీషువాళ్లకి మాట మొదట్లో ఆ జంట నోరు తిరగదు, వదిలేశారు. మధ్యలో వస్తే ఆప్-నియా అని విరుగుతుంది కాబట్టి బతికింది. ఫ్రెంచివాళ్లు టైరుని ఇప్పటికీ ‘ప్న’ అనే అంటారు, పి పలికి మరీ.

స్టాఫ్ నర్స్, వైజాగ్:
మాస్టారూ, దండాలు. చెల్లీ, చివర ‘ప్నియా’ వస్తే ఊపిరి ఎలా ఆడుతోందో చెబుతోందన్నమాట. టాకిప్నియా అంటే వేగంగా, ఆర్థాప్నియా అంటే పడుకుంటే ఆయాసం. డిస్ప్నియాని కొందరు డాక్టర్లు ‘డిస్నియా’ అంటారు, అదీ చెల్లుతుంది. పలకడం ఎలా ఉన్నా ఛార్టులో పి రాయడం మానకు.

తాళ్లరేవు అమ్మాయి:
థాంక్సండీ మాస్టారూ, అక్కా. ఆ వేళ్లు మా కాళ్లకి ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో! ‘సూడోమోనాస్’ అని ఓ బాక్టీరియా ఉంది, దాని స్పెల్లింగ్‌లో పి కూడా ఇలాంటిదేనా?

బోటనీ మాస్టారు (రిటైర్డ్), కాకినాడ:
అదే బాపతు. సైకాలజీ, టెరిడోఫైటా (ఫెర్న్ జాతి మొక్కలు) కూడా.