కన్వీనర్ సీటా, ప్రైవేటు యూనివర్సిటీనా? పాప విషయంలో సలహా కావాలి

నల్లగొండ_నాన్న
అందరికీ నమస్తే. మా పాపకు టీజీ ఎప్‌సెట్‌లో 28 వేల ర్యాంకు వచ్చింది. బీసీ-బీ. ఈ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, హైదరాబాద్ చుట్టుపక్కల పేరున్న కాలేజీల్లో సీఎస్‌ఈ కష్టం, ఈసీఈ అయితే రావచ్చు అంటున్నారు. ఈలోపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. సీఎస్‌ఈ ఏఐఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) ఖాయమట. ఇంటర్ మార్కులకు స్కాలర్‌షిప్ పోను ఏడాదికి 2.80 లక్షలు, హాస్టల్ వేరే. ఈ శనివారంలోపు 50 వేలు కడితేనే సీటూ స్కాలర్‌షిప్పూ ఉంటాయట. క్యాంపస్ చూసొచ్చాం, బిల్డింగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాది ఎరువుల దుకాణం. హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు పదిహేను లక్షలు దాటేలా ఉంది. పిల్లల్ని అలాంటి చోట చదివించినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

హన్మకొండ_సుజాత
అన్నా, మా బాబు అలాంటి చోటే మూడో ఏడాది. పేరు వద్దులెండి.

చదువు బాగానే ఉంది. సిలబస్ వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి కొత్త సబ్జెక్టులు తొందరగా వస్తాయి. ల్యాబులు రాత్రి దాకా తెరిచే ఉంటాయి. సార్ల వెంటపడి అడిగే పిల్లలకు అక్కడ దొరకనిది లేదు. మావాడు నోరు తెరిచి అడిగే రకం కాదు. అడగని పిల్లాడిని పట్టించుకునే నాథుడు లేడు. ఇంటర్‌లో స్టడీ అవర్ పెట్టి కూర్చోబెట్టి చదివించారు కదా, ఆ అలవాటుతో వెళ్లి మొదటి సెమిస్టర్ అంతా తేలిపోయాడు.

పైగా మావాడి దగ్గర రిలేటివ్ గ్రేడింగ్. 70 మార్కులొచ్చినా క్లాసు సగటు 80 ఉంటే గ్రేడు కిందికే. సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు) తగ్గితే స్కాలర్‌షిప్ ఆపేస్తామని ఆఫర్ లెటర్ వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. రెండో ఏడాది నుంచి పూర్తి ఫీజు కడుతున్నాం. మీకు చెప్పిన 2.80 లక్షలు మొదటి ఏడాది లెక్కే అనుకోండి. స్కాలర్‌షిప్ లేకుండా ఎంత, ఏటా ఎంత పెంచుతారు, ఈ రెండూ కాగితం మీద రాసి ఇమ్మనండి. ఫోన్లో చెప్పినవి తర్వాత ఎవరికీ గుర్తుండవు.

ఇంకోటి, కన్వీనర్ సీటు అయితే బీసీలకు పదివేల ర్యాంకు దాటినా 35 వేల దాకా రీయింబర్స్‌మెంట్ ఉంది. ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. మన దగ్గర ప్రైవేటు యూనివర్సిటీలో అదీ ఉండదు.

బెజవాడ_లెక్చరర్
ముందు ఆ శనివారం సంగతి చూద్దాం. ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, ఈ ఫోన్లు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలుసు. పీఆర్వోలకు సీటుకింత అని ముడుతుంది. శనివారం కట్టకపోతే సోమవారం మళ్లీ వాళ్లే చేస్తారు, చూడండి.

ఒకవేళ కట్టినా యూజీసీ (యూనివర్సిటీలపై కేంద్ర నియంత్రణ సంస్థ) 2018 అక్టోబరు ఉత్తర్వు గుర్తుంచుకోండి. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు, అంతకంటే ముందే మానుకుంటే ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5,000 పట్టుకుని మిగతాదంతా తిరిగివ్వాలి. చివరి తేదీ తర్వాత నెల దాటితే పైసా రాదు. కాబట్టి వాళ్లు ప్రకటించిన ఆ చివరి తేదీ ఏదో ముందే రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. ఎవరడిగినా జిరాక్సులే ఇవ్వండి.

మా ఆంధ్రలో ఇంకో దారి ఉంది. రాష్ట్ర చట్టం కింద వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. వీఐటీ-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీల్లోనూ అలా చేరిన మా పిల్లలున్నారు. డీమ్డ్ వాటికి మాత్రం ఇది లేదు.

ఖమ్మం_రవి
డీమ్డ్‌కీ ప్రైవేటుకీ తేడా ఏంటి సార్? అందరూ యూనివర్సిటీ అనే బోర్డు పెడుతున్నారు.

బెజవాడ_లెక్చరర్
డీమ్డ్ అంటే యూజీసీ చట్టం సెక్షన్ 3 కింద కేంద్రం ఇచ్చే హోదా. ప్రైవేటు యూనివర్సిటీకి రాష్ట్రం చట్టం చేయాలి. తెలంగాణలో 2018లో చట్టం వచ్చింది, 2020లో మొదటగా ఐదింటికి అనుమతిచ్చారు. రెండింటి డిగ్రీలూ చెల్లుతాయి. చూసుకోవాల్సింది మీ పాప చేరే రోజుకు ఆ హోదా నిజంగా ఉందా అని. 2022లో మీ దగ్గరే బిల్లు అసెంబ్లీ దాటి గవర్నర్ దగ్గర ఆగి ఉండగానే యూనివర్సిటీ పేరుతో సీట్లు నింపేశారు, మరుసటి ఏడాది పిల్లలు రోడ్డెక్కారు. యూజీసీ సైట్‌లో జాబితా ఉంటుంది, రెండు నిమిషాల పని.

కోడింగ్_చిన్నోడు
నేను అలాంటి యూనివర్సిటీలోనే చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నా. మంచి కూడా చెప్పాలి కదా. అన్ని రాష్ట్రాల పిల్లల మధ్య పడ్డాక హిందీ, ఇంగ్లిష్ రెండూ వచ్చేశాయి. హ్యాకథాన్లకు పంపడం, సీనియర్ల రిఫరల్స్, ఇవి మా ఊరి కాలేజీలో ఉండేవి కావు. కాకపోతే మా బ్యాచ్‌లో సీఎస్‌ఈ సెక్షన్లకే అక్షరాలు చాలలేదు. అంతమందిలో కంపెనీ మొదటి వడపోత సీజీపీఏతోనే.

అంకుల్, బ్రోచర్‌లో "హయ్యెస్ట్ ప్యాకేజీ" పేజీ చింపేయండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కాలేజీలకు కేంద్రం ఇచ్చే ర్యాంకులు) కోసం ప్రతి సంస్థా ఇచ్చిన వివరాలు పీడీఎఫ్‌గా ఉంటాయి, వాళ్ల సైట్‌లోనే. నాలుగేళ్ల యూజీ పట్టిక తెరవండి. ఎంతమంది చేరారు, వాళ్లలో సమయానికి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం ఎంత, అన్నీ ఉంటాయి. మీడియన్ అంటే జీతాలన్నీ వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడిది. సగటును నాలుగైదు పెద్ద ప్యాకేజీలు పైకి లాగేస్తాయి, మీడియన్‌ను లాగలేవు. బ్రాంచీలవారీగా ఉండదు, సంస్థ ఇచ్చిన లెక్కే, అయినా హోర్డింగ్ కంటే నయం.

ఖమ్మం_రవి
న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) ఏ ప్లస్ ప్లస్ అంటే సరిపోదా మరి?

కోడింగ్_చిన్నోడు
2025 ఫిబ్రవరిలో న్యాక్ తనిఖీ బృందం వాళ్లనే లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది కదా అన్నా. న్యాక్ గ్రేడు సంస్థ మొత్తానికి. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచీకి విడివిడిగా ఇస్తారు. పాప చేరే బ్రాంచీకి అది ఉందా అని అడగండి. ఏఐఎంఎల్ లాంటి కొత్త కోర్సులకు చాలాచోట్ల ఉండదు, ఎందుకంటే బ్యాచ్‌లు బయటికొచ్చాకే దానికి వెళ్తారు.

బ్యాంకు_బాబాయ్
అప్పు చేస్తారేమోనని చెప్తున్నా. 7.5 లక్షలు దాటితే మామూలు విద్యారుణానికి మేం తనఖా అడుగుతాం. కేంద్రం పథకం పీఎం విద్యాలక్ష్మి కింద తనఖా, పూచీకత్తు అక్కర్లేదు కానీ ఆ జాబితాలో సంస్థ ఉండాలి. 2024 నవంబరులో ప్రకటించినప్పుడు దేశం మొత్తం మీద 860 సంస్థలే. చదువు ముగిసిన ఏడాదికి ఈఎంఐ మొదలవుతుంది, వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే లెక్క. పది లక్షలకు 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు 13,200 పైచిలుకు. ఆ మీడియన్ జీతం పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

నల్లగొండ_నాన్న
అందరికీ దండాలు. పీడీఎఫ్ దొరికింది, పాపే కూర్చుని లెక్కలేసింది. ఫోన్లో చెప్పిన సగటుకూ ఇందులో మీడియన్‌కూ సగానికి సగం తేడా. స్కాలర్‌షిప్ షరతులు మెయిల్ చేయమని అడిగా, "శనివారం రండి సార్, మాట్లాడుకుందాం" అన్నారు.

హన్మకొండ_సుజాత
మెయిల్ చేయకపోవడమే జవాబు అన్నా. ఇంతకీ పాప ఏమంటోంది?

నల్లగొండ_నాన్న
తనకు ఈసీఈ అయినా ఇష్టమేనట. ఎల్బీనగర్‌లో మా చెల్లె వాళ్లింటి నుంచి వెళ్లొస్తా అంటోంది. సీఎస్‌ఈ పట్టుదల నాదీ, మా బావదీ.

ఖమ్మం_రవి
ఈసీఈ ఎందుకన్నా, రేపు సాఫ్ట్‌వేర్‌కే పోవాలి కదా.

కోడింగ్_చిన్నోడు
మా టీంలో ఇద్దరు ఈసీఈ వాళ్లే అన్నా. చాలా కంపెనీలు రెండు బ్రాంచీలనూ కూర్చోనిస్తాయి, ఏవి కూర్చోనివ్వవో ఆ కాలేజీ సీనియర్లని అడిగితే చెప్తారు.

నల్లగొండ_నాన్న
శనివారం డబ్బు కట్టట్లేదు. మొదటి విడత అలాట్‌మెంట్ చూసి మాట్లాడుకుందాం అనుకున్నాం, వస్తే చేరతాం, రాకపోతే అప్పుడు ఆ యూనివర్సిటీ చివరి తేదీ ఎప్పుడో చూసుకుంటాం. వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టొచ్చు సార్?

బెజవాడ_లెక్చరర్
పరిమితి లేదండి, ఎన్నైనా పెట్టండి. వచ్చినా చేరనని తెలిసిన కాలేజీని మాత్రం పెట్టొద్దు, పైవి రాకపోతే అదే అంటగడుతుంది. ఫ్రీజింగ్‌కు (ఆప్షన్లు ఖరారు చేయడానికి) ముందు ప్రింటు తీసి పాపతో కోడ్‌లు ఒక్కొక్కటీ చదివించండి. ఒకే యాజమాన్యం కాలేజీలు రెండు మూడు ఉంటాయి, పేర్లన్నీ ఒకేలా ఉండి కోడ్‌లే తేడా.