అప్‌డేట్: .243 రైఫిల్‌కు ఎంచుకున్న తేలికపాటి తూటా

టెక్సాస్‌లో స్థిరపడిన మా అన్నయ్యగారి అబ్బాయి తన .243 విన్‌చెస్టర్ రైఫిల్‌తో (0.243 అంగుళాల వ్యాసపు తూటా పేల్చేది) తెల్లతోక జింకల వేటకు 100 గ్రెయిన్ల (సుమారు 6.5 గ్రాముల) తూటాకు బదులు తేలికైనది వాడవచ్చునా అని విశాఖపట్నం నుంచి నేను అడిగిన ప్రశ్నకు, బరువుకన్నా తూటా నిర్మాణమే ముఖ్యమని మీలో చాలామంది చెప్పారు. అతను ఆ సలహానే పాటించాడు.

సీసంపై పలుచని లోహపు తొడుగు గల 55 గ్రెయిన్ల తూటాలు చిన్న జంతువుల కోసం చేసినవి. అవి జింక భుజానికి తగిలితే లోపలికి చేరకముందే ముక్కలైపోయి, ఆ మూగజీవాన్ని గాయంతో వదిలేయవచ్చు. నాకు అన్నిటికన్నా భయం కలిగించినది ఇదే. అందుకే 80 గ్రెయిన్ల, అంటే సుమారు 5.2 గ్రాముల, పూర్తి రాగి తూటాను ఎంచుకున్నాడు. దాని ముందుభాగం రేకులుగా విచ్చుకున్నా, తూటా బరువు దాదాపు తగ్గకుండా లోతుకు వెళ్తుంది. రాగి సాంద్రత సీసంకన్నా తక్కువ కనుక అదే బరువుకు తూటా పొడవు పెరుగుతుంది. పొడవైన తూటా నిలకడగా వెళ్లాలంటే మరింత వేగంగా గిరగిరా తిరగాలి. అయినా లోపలి గాడులు 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే అతని బ్యారెల్ (తుపాకి గొట్టం) నుంచి అది నిలకడగానే వెళ్తోంది. వేగం బాగా తగ్గితే సరిగా విచ్చుకోదు కాబట్టి దూరం నుంచి కాల్చవద్దని గట్టిగా చెప్పాను.

ఈ సీజన్‌లో జింక కొద్ది అడుగుల్లోనే పడిపోయింది. పిల్లలు తినే మాంసంలో సీసపు తునకల బెడద లేకపోవడం నాకు ఎంతో ఊరటనిచ్చింది.

ఇదంతా అక్కడి లైసెన్సు వేటకే వర్తిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన విశాఖ దగ్గరి కంబాలకొండ అభయారణ్యంలోని చుక్కల జింకలను వేటాడటం నేరం.