బ్రిటన్‌లో ఓవర్ స్పీడింగ్‌కు లైసెన్సు మీద పాయింట్లు పడితే కారు ఇన్సూరెన్స్ ప్రీమియం ఎంత మారుతుంది? ఎవరికి, ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న (రెడింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదు నుంచి వచ్చి రెడింగ్‌లో ఉంటున్నాను. ఏడాదిన్నర కిందట ఇక్కడి డ్రైవింగ్ టెస్టు పాసై కారు కొనుక్కున్నాను. గత వారం పోలీసు శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద నా కారు 37 మైళ్ల వేగంతో వెళ్లినట్లు కెమెరాలో నమోదైందని, ఆ సమయంలో కారు నడిపినది ఎవరో 28 రోజుల్లోగా రాసి పంపాలని అందులో ఉంది. గత సంవత్సరం ఇలాగే ఒకసారి దొరికినప్పుడు పాయింట్లకు బదులుగా ఇచ్చే స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుకు హాజరయ్యాను కనుక, ఈసారి కోర్సు ఇవ్వరని, పాయింట్లు తప్పవని స్నేహితులు అంటున్నారు.

జరిమానా కట్టడానికి నాకేమీ అభ్యంతరం లేదు. నా దిగులంతా ఇన్సూరెన్స్ గురించే. మన ఊళ్లో చలానా కట్టేస్తే విషయం అక్కడితో అయిపోతుంది, దానికీ ఇన్సూరెన్స్ ప్రీమియానికీ సంబంధం ఉండదు. ఇక్కడ మాత్రం ఐదేళ్లపాటు ప్రీమియం ఎక్కువ కట్టాలని ఒకరు, మూడేళ్లేనని మరొకరు, మనం చెప్పకపోతే వాళ్లకు తెలియదని ఇంకొకరు చెబుతున్నారు. పాలసీ రెన్యువల్‌కు ఇంకా నాలుగు నెలల గడువుంది. కంపెనీకి ఇప్పుడే తెలియజేయాలా, రెన్యువల్ సమయంలో తెలియజేస్తే సరిపోతుందా? గత సంవత్సరం చేసిన కోర్సు సంగతి కూడా చెప్పాలా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు

నమస్కారమండి. ఇన్సూరెన్స్ సంగతికి వచ్చే ముందు ఆ ఉత్తరం పని పూర్తి చేయండి. దాన్ని పక్కన పెట్టడం అన్నిటికంటే నష్టం. నడిపినవారి వివరాలు గడువులోగా పంపకపోతే అది విడిగా ఇంకొక నేరం అవుతుంది. దాని కోడ్ ఎంఎస్90, దానికి 6 పాయింట్లు, 1,000 పౌండ్ల వరకు జరిమానా. మామూలు స్పీడింగ్‌కు వచ్చే ఎస్‌పీ30 కోడ్, 3 పాయింట్లు, 100 పౌండ్లతో పోల్చితే ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఎంఎస్90ను చాలా తీవ్రంగా చూస్తుంది.

మీ స్నేహితులు కోర్సు గురించి చెప్పిన మాట నిజమే. 30 మైళ్ల రోడ్డు మీద 42 మైళ్ల వరకు వెళ్లినవారికి సాధారణంగా కోర్సు అవకాశం ఇస్తారు కానీ, అంతకుముందు కోర్సుకు కారణమైన ఉల్లంఘన జరిగి మూడేళ్లు కాకపోతే మళ్లీ ఇవ్వరు. కాబట్టి మీకు ఫిక్స్‌డ్ పెనాల్టీ (కోర్టుకు వెళ్లకుండా పడే జరిమానా, పాయింట్లు) వస్తుందనే అనుకోండి.

మీకు వేర్వేరు మనుషులు వేర్వేరు సంవత్సరాలు చెప్పడానికి కారణం, ఇక్కడ మూడు లెక్కలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడవడమే. పాయింట్లు చెల్లుబాటులో ఉండేది ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 3 సంవత్సరాలు. ఆ కాలంలో మొత్తం 12 పాయింట్లు చేరితే కోర్టు లైసెన్సును కనీసం 6 నెలలు నిలిపివేస్తుంది. అదే ఎండార్స్‌మెంట్ (లైసెన్సు మీద ఆ ఉల్లంఘన నమోదు) లైసెన్సులు జారీ చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ రికార్డులో నిలిచి ఉండేది 4 సంవత్సరాలు. ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది మాత్రం సాధారణంగా గత 5 సంవత్సరాల గురించి, ఎందుకంటే 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం ప్రకారం పెద్దవారి విషయంలో ఎండార్స్‌మెంట్‌కు కాలం చెల్లడానికి ఐదేళ్లు పడుతుంది. అందువల్ల నాలుగేళ్లు దాటి, పాయింట్లు ఎప్పుడో పోయాయని మీరు నిశ్చింతగా ఉన్న సమయంలో కూడా, కంపెనీ ఐదేళ్ల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పవలసిందే. ఐదేళ్లు నిండిన తర్వాత మాత్రం, ఎవరు ఎలా అడిగినా చెప్పవలసిన అవసరం లేదు.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఇంకొకటి ఉంది. కోర్టుకు వెళ్లలేదు, జరిమానా ఆన్‌లైన్‌లోనే కట్టేశాము, ఇక కన్విక్షన్ (నేర నిర్ధారణ) ఎక్కడిది అని అనుకుంటారు. పాయింట్లతో కూడిన ఫిక్స్‌డ్ పెనాల్టీని ఇన్సూరెన్స్ విషయంలో కన్విక్షన్ లాగానే లెక్కిస్తారు. ప్రపోజల్ ఫారంలో ఉండే ప్రశ్నలోనే చాలాసార్లు ‘ఫిక్స్‌డ్ పెనాల్టీలతో సహా’ అని రాసి ఉంటుంది. ఆ ప్రశ్నను ఒకటికి రెండుసార్లు చదివి జవాబివ్వండి.

కోర్సు సంగతి వేరు. కోర్సు పూర్తి చేస్తే పాయింట్లు ఉండవు, కన్విక్షన్ ఉండదు, డీవీఎల్‌ఏ రికార్డులోకి అది చేరదు. గత ఐదేళ్లలో కన్విక్షన్లు ఉన్నాయా అన్న ప్రశ్నకు జవాబుగా దాన్ని చెప్పనక్కర లేదు. అయితే ఏ కంపెనీ అయినా కోర్సుకు హాజరయ్యారా అని నేరుగా అడిగితే, అవునని చెప్పడమే సరైన పని.

ప్రీమియం ఎంత పెరుగుతుందన్న దానికి అందరికీ వర్తించే ఒక అంకె లేదు, ఎవరైనా ఒక శాతం చెబితే దాన్ని పట్టుకుని లెక్కలు వేసుకోకండి. ఒకే ఒక్క ఎస్‌పీ30 ఉంటే కొన్ని కంపెనీలు దాదాపు పట్టించుకోవు, కొన్ని ఒక మోస్తరుగా పెంచుతాయి, కొన్ని కొత్తగా లైసెన్సు వచ్చినవారి విషయంలో గట్టిగా పెంచుతాయి. వయస్సు, లైసెన్సు వచ్చి ఎన్నాళ్లయింది, కారు రకం, పోస్ట్‌కోడ్, నో క్లెయిమ్స్ డిస్కౌంట్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు), ఇవన్నీ కలిసి ఆ పెంపు ఎంత అనేది తేలుస్తాయి. ఇంతకీ స్పీడింగ్ వల్ల మీ నో క్లెయిమ్స్ డిస్కౌంట్ పోదు, అది క్లెయిమ్‌లకు సంబంధించినది మాత్రమే. అదేవిధంగా డిస్కౌంట్‌కు ప్రొటెక్షన్ కొనుక్కున్నంత మాత్రాన ఈ పెంపు ఆగదు. పెరిగిన ప్రీమియం మీద 12 శాతం ఇన్సూరెన్స్ ప్రీమియం ట్యాక్స్ కూడా పడుతుంది.

మీ విషయంలో నాకు ప్రీమియం కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తున్న సంగతి మరొకటి ఉంది. టెస్టు పాసైన రెండేళ్లలోపు 6 పాయింట్లు చేరితే, 1995 నాటి కొత్త డ్రైవర్ల చట్టం కింద లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్సు తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ రెండూ మొదటినుంచి రాయవలసి వస్తుంది. ఆ స్థితి నుంచి తిరిగి వచ్చాక దొరికే ఇన్సూరెన్స్ కోట్‌ల ముందు ఇప్పటి ఈ 3 పాయింట్ల పెంపు లెక్కలోకే రాదు. ఈ మిగిలిన నెలలు దయచేసి చాలా జాగ్రత్తగా నడపండి.

మరొకరు (మిల్టన్ కీన్స్ నుంచి)

పై జవాబుకు చిన్న చేర్పు. మనలో చాలామంది ఐటీ ఉద్యోగులు శాలరీ శాక్రిఫైస్ పద్ధతిలో (జీతంలోంచి ముందే మినహాయించుకునేలా) లీజుకు కారు తీసుకుంటున్నారు. అప్పుడు పోలీసుల ఉత్తరం ముందుగా రిజిస్టర్డ్ కీపర్‌గా (కారు ఎవరి పేరున నమోదైందో వారు) ఉన్న లీజింగ్ సంస్థకు వెళ్లి, వాళ్లు మన పేరు ఇచ్చాక మనకు వస్తుంది. ఉల్లంఘన జరిగిన 14 రోజుల్లోగా నోటీసు చేరాలన్న నియమం ఆ మొదటి ఉత్తరానికే వర్తిస్తుంది కనుక, మన చేతికి ఆలస్యంగా అందిందని వాదించి లాభం లేదు. ఇన్సూరెన్స్ లీజు ప్యాకేజీలో కలిసి ఉన్నా, పాయింట్లు పడితే తెలియజేయాలన్న షరతు ఒప్పందంలో ఉందేమో చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా వివరించినందుకు ధన్యవాదాలండి. ఉత్తరానికి నిన్ననే నా పేరుతో జవాబు పంపాను. రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, నాలుగు నెలలు ఆగి రెన్యువల్‌లో చెబితే తప్పవుతుందా? రెండవది, నా భార్యకు ఇక్కడ ఐదేళ్లకు పైగా లైసెన్సు ఉంది, ఒక్క పాయింటు కూడా లేదు. నడిపింది ఆవిడేనని రాసి ఉంటే మీ లైసెన్సుకు ప్రమాదం ఉండేది కాదు కదా అని ఆఫీసులో ఒకరు అన్నారు. నేను అలా చేయలేదు. కానీ ఇక్కడ నిజంగానే కొందరు అలా చేస్తున్నారా అని అడుగుతున్నాను.

మొదటి జవాబు ఇచ్చినవారు

మీరు సరైన పని చేశారు. ఆ సలహా ఇచ్చినవారికి దాని అర్థం తెలియదని అనుకుంటాను. పాయింట్లు వేరొకరి పేరు మీదకు మళ్లించడం న్యాయ ప్రక్రియను వక్రీకరించడం కిందికి వస్తుంది, దానికి జైలు శిక్ష పడుతుంది. 2003లో ఎం11 మోటార్‌వే మీద జరిగిన ఒక స్పీడింగ్ విషయంలో భర్త పాయింట్లను భార్య తన పేరు మీద వేసుకున్నందుకు, తర్వాతి కాలంలో బ్రిటన్ మంత్రి కూడా అయిన క్రిస్ హ్యూన్‌కు, ఆయన మాజీ భార్య విక్కీ ప్రైస్‌కు 2013 మార్చిలో చెరి 8 నెలల శిక్ష పడింది. ఎనిమిదేళ్ల తర్వాత బయటపడి ఇద్దరి జీవితాలను దెబ్బతీసిన ఆ వ్యవహారం అసలు 3 పాయింట్ల దగ్గరే మొదలైంది. భార్య సరేనన్నా, ప్రేమతోనే చేసినా చట్టం దృష్టిలో తేడా ఉండదు.

మధ్యలో చెప్పాలా అన్న ప్రశ్నకు జవాబు మీ పాలసీ పుస్తకంలోనే ఉంటుంది. 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం ప్రకారం, పాలసీ తీసుకునేటప్పుడు, రెన్యువల్ చేసుకునేటప్పుడు, మార్పులు చేసుకునేటప్పుడు కంపెనీ అడిగిన ప్రశ్నలకు తప్పుడు సమాచారం ఇవ్వకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి. అంతకు మించి అడగనివన్నీ మనంతట మనమే చెప్పవలసిన బాధ్యత ఆ చట్టంతో పోయింది. కానీ కొన్ని పాలసీలలో ‘మీరు మాకు తెలియజేయవలసిన మార్పులు’ అన్న శీర్షిక కింద చిరునామా, కారు మార్పులతో పాటు కొత్త కన్విక్షన్లు కూడా రాసి ఉంటాయి. అలా ఉంటే పెనాల్టీ ఖరారైన వెంటనే చెప్పాలి. ఆ మాట లేకపోతే రెన్యువల్ దాకా ఆగవచ్చు. నన్నడిగితే, ఏ సందేహం ఉన్నా చాట్‌లో లేదా ఈమెయిల్‌లో అడిగి వాళ్ల జవాబును దాచుకోవడం మంచిది. ఫోన్‌లో అడిగితే తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

ఇక రెన్యువల్‌లో చాలామంది ఇరుక్కునే చోటు ఒకటి చెబుతాను. ఆటో రెన్యువల్ ఉత్తరంలో ‘మీ వివరాలు ఇవీ, మార్పు ఉంటే తెలపండి’ అని ఒక పట్టిక ఉంటుంది, అందులో కన్విక్షన్లు అన్నచోట ‘లేవు’ అని గత సంవత్సరపు జవాబే ముద్రించి వస్తుంది. దాన్ని చూసీ ఊరుకుంటే, తప్పుడు జవాబును మీరే మళ్లీ ఇచ్చినట్లు లెక్క. మీరు ఆ చోటును దిద్దించండి.

చెప్పకపోతే తెలియదన్న మాట అసలే నమ్మకండి. కోట్ తీసుకునేటప్పుడు లైసెన్సు నంబరు అడిగే కంపెనీలు మైలైసెన్స్ అనే వ్యవస్థ ద్వారా డీవీఎల్‌ఏ రికార్డును అక్కడికక్కడే సరిచూసుకోగలవు. అప్పుడు చూడకపోయినా క్లెయిమ్ వచ్చినప్పుడు తప్పకుండా చూస్తాయి. దాచినది ఉద్దేశపూర్వకమని తేలితే పాలసీని మొదటినుంచీ లేనట్లుగా రద్దు చేసి, కట్టిన ప్రీమియం కూడా తిరిగి ఇవ్వకుండా ఉండే హక్కు వాళ్లకు ఉంటుంది. అజాగ్రత్త వల్ల జరిగిందని తేలితే క్లెయిమ్‌ను నిష్పత్తి ప్రకారం తగ్గిస్తారు. ఉదాహరణకు మీరు కట్టినది 600 పౌండ్లు, నిజం చెప్పి ఉంటే కట్టవలసినది 800 పౌండ్లు అనుకుందాం. మీరు నాలుగింట మూడు వంతులే కట్టారు కనుక 8,000 పౌండ్ల నష్టానికి 6,000 మాత్రమే ఇస్తారు, మిగతా 2,000 మీ జేబులోంచి పోతుంది. 200 పౌండ్లు మిగుల్చుకున్నానని అనుకున్నచోట జరిగేది ఇది. పైగా పాలసీ రద్దయిన చరిత్ర ఉంటే, ఆ తర్వాత ప్రతి కంపెనీ ‘మీ పాలసీని ఎప్పుడైనా రద్దు చేశారా’ అని అడుగుతుంది. ఆ ‘అవును’కు అయ్యే ఖర్చు ఎస్‌పీ30 కంటే చాలా ఎక్కువ.

వేరొకరు (లీడ్స్ నుంచి)

రెన్యువల్ ఖర్చు తగ్గించుకోవడం గురించి నా అనుభవంలో పనికొచ్చినవి రెండు మాటలు చెబుతాను. రెన్యువల్ తేదీకి దాదాపు మూడు వారాల ముందే కోట్‌లు చూడడం మొదలుపెట్టండి, చివరి రోజు దాకా ఆగితే ధర పెరుగుతుంది. కన్విక్షన్ కోడ్, తేదీ, పాయింట్లు, జరిమానా మొత్తం డీవీఎల్‌ఏ ఆన్‌లైన్ రికార్డులో ఎలా ఉన్నాయో అలాగే రాయండి. ఒకసారి పాయింట్లు ఉన్నాయని, మరొకసారి లేవని మార్చి మార్చి కోట్‌లు తీయవద్దు, అలా మారిన జవాబులను కంపెనీలు గమనించగలవు.

వాలంటరీ ఎక్సెస్‌ను (క్లెయిమ్‌లో మీరే భరిస్తానని ఒప్పుకునే మొత్తాన్ని) మీరు నిజంగా భరించగలిగినంతే పెంచండి. భార్యను నేమ్డ్ డ్రైవర్‌గా (పాలసీలో పేరున్న అదనపు డ్రైవర్‌గా) చేర్చడం వల్ల కొన్నిసార్లు ధర తగ్గుతుంది, ఆవిడ నిజంగా ఆ కారు నడుపుతుంటే అందులో తప్పేమీ లేదు. కానీ ఎక్కువగా నడిపేది మీరై ఉండి, ఆవిడను ప్రధాన డ్రైవర్‌గా చూపితే అది ఫ్రంటింగ్ అనే మోసం అవుతుంది. బ్లాక్ బాక్స్ (నడిపే తీరును గమనించడానికి కారులో అమర్చే పరికరం) పాలసీని కూడా పరిశీలించండి. వేగాన్ని అది నిరంతరం నమోదు చేస్తుంది కనుక, లైసెన్సు కాపాడుకోవలసిన ఈ నెలల్లో అది మీకు రెండు విధాలా ఉపయోగపడుతుంది.

ఒకవేళ కంపెనీ అన్యాయంగా క్లెయిమ్ తగ్గించిందని ఎప్పుడైనా అనిపిస్తే, ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వాళ్ల తుది జవాబు వచ్చాక, లేదా 8 వారాలైనా జవాబు రాకపోతే, ఇలాంటి ఫిర్యాదులను పరిష్కరించే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తుది జవాబు వచ్చిన 6 నెలల్లోగా వెళ్లాలి. దానికి మీరు రుసుమేమీ చెల్లించనక్కర లేదు.

ప్రశ్న అడిగినవారు

పాలసీ పుస్తకం తెరిచి చూశాను. తెలియజేయవలసిన మార్పుల జాబితాలో కొత్త మోటారింగ్ కన్విక్షన్లు అని స్పష్టంగా ఉంది. పెనాల్టీ ఉత్తరం రాగానే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేస్తాను. మధ్యలో ఎంత అదనంగా కట్టమంటారో, రెన్యువల్ కోట్ ఎంత వస్తుందో ఇక్కడే రాస్తాను, కొత్తగా లైసెన్సు తీసుకున్న మరొకరికి ఉపయోగపడుతుంది.