క్లాసు కోసం పుస్తకాల్లోని చాప్టర్లు జిరాక్స్ తీయించి ఇవ్వొచ్చా?

డిగ్రీ ఎకనామిక్స్:
అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఐదో సెమిస్టర్ పేపర్‌కి తెలుగులో సరైన పుస్తకం దొరకలేదు. అందుకని మూడు ఇంగ్లీషు పుస్తకాల నుంచి ఐదు చాప్టర్లు తీసి, గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో మాస్టర్ కాపీ పెట్టాను. స్పైరల్ బైండింగ్‌తో కలిపి పిల్లలకు 110 రూపాయలు పడుతోంది. ఆ పుస్తకాలు కొనాలంటే 4,000 దాటుతుంది. నాలుగో పుస్తకం చిన్నది, 130 పేజీలే కాబట్టి మొత్తం తీయించాను. మొన్న స్టాఫ్ రూంలో ఒక సీనియర్ సార్ "పుస్తకంలో పది శాతం దాటి తీస్తే కాపీరైట్ కేసే" అన్నారు. ప్రిన్సిపాల్ గారు వివరణ రాసిమ్మన్నారు. రెండు రోజులుగా నిద్ర లేదు. ఇది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా కొంత వాడుకునే వెసులుబాటు) కిందికి వస్తుందా?

లైబ్రరీ మేడం:
సార్, ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. అచ్చం మీలాంటి కేసే మన దేశంలో నడిచింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ యూనివర్సిటీ మీదా, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీదా హైకోర్టులో దావా వేశాయి. సిలబస్‌లో ఉన్న భాగాలను వేర్వేరు పుస్తకాల నుంచి తీసి, ఒక కట్టగా కుట్టి అమ్మడమే ఆ షాపు చేసిన పని. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావా కొట్టేశారు. డిసెంబరు 9న అప్పీలు విన్న డివిజన్ బెంచి (ఇద్దరు జడ్జీల బెంచి) కూడా అసలు సూత్రాన్ని విద్యార్థుల వైపే తేల్చింది.

ఫెయిర్ యూజ్ అనేది అమెరికా మాట. మనకున్నది 1957 నాటి కాపీరైట్ చట్టం, అందులో సెక్షన్ 52. దానిలో 52(1)(ఐ) చదవండి. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ ఏ రచనకైనా నకలు తీసుకోవచ్చు. ప్రశ్నపత్రంలో వాడినా, జవాబులో రాసినా తప్పు లేదు. అందులో పది శాతం లేదు, ఇరవై శాతం లేదు. బోధన అంటే క్లాసులో గడిపే గంట ఒక్కటే కాదనీ, క్లాసుకి ముందు చదువుకోవడం నుంచి పరీక్ష దాకా అన్నీ వస్తాయనీ బెంచి చెప్పింది. నకలు తీసిన భాగం పాఠానికి నిజంగా అవసరమా కాదా అన్నదే కొలత.

అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. పుస్తకం మొత్తం తీయడానికి ఆ తీర్పు తలుపులు తెరవలేదు. ఆ విషయమూ, ఏ భాగం ఎంత అవసరమన్న విషయమూ విచారణలో తేల్చాలని వెనక్కి పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు, దాంతో అవి తేలకుండానే ఉండిపోయాయి. కాబట్టి మీ ఐదు చాప్టర్లకు భయం లేదు, ఆ 130 పేజీల పుస్తకం మాత్రం ఈ రోజే షాపులోంచి తీసేయండి. లైబ్రరీకి రెండు కాపీలు కొనిపించి రిఫరెన్సులో పెట్టించండి.

ఢిల్లీలో చదివినవాడు:
కేసు నడిచే రోజుల్లో నేను అక్కడే ఎం.ఏ. ఆ కట్టలు, అంటే కోర్సు ప్యాక్‌లు, అమ్మకూడదని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. లైబ్రరీలో ఒక్కటే కాపీ, దాని కోసం వంద మందిమి. వంతులు వేసుకుని చేత్తో నోట్సు రాసుకునేవాళ్లం. మా రూమ్మేట్ ఒక టేబుల్‌ని స్కేలు పెట్టి గీసుకోవడం ఇప్పటికీ కళ్లలో ఉంది. దావా వద్దని అమర్త్య సేన్ కూడా కోరారు. తాము చదువుకునే హక్కు గురించి వాదించడానికి విద్యార్థులు సంఘంగా ఏర్పడి కోర్టుకెక్కారు. సార్, మీ పిల్లల నుంచి ఆ కట్టలు లాక్కోకండి.

అట్లాంటా టీఏ:
ఆ పది శాతం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసనుకుంటున్నాను. ఇక్కడ అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ మీద 2008లో ఇలాంటి కేసే పడింది. 2012లో కింది కోర్టు జడ్జి పది శాతం లేదా ఒక చాప్టర్ అని లెక్క కట్టారు. అలా అంకెలతో కొలవకూడదని 2014లో అప్పీలు కోర్టు కొట్టేసింది. కేసు 2020 దాకా సాగింది, యూనివర్సిటీయే చాలావరకు నెగ్గింది. ఇక్కడ ప్రతి రీడింగుకీ నాలుగు విషయాలు చూడాలి: దేనికి వాడుతున్నాం, ఎలాంటి రచన, ఎంత భాగం, దాని అమ్మకం మీద ఏం దెబ్బ పడుతుంది. ఇక జిరాక్స్ షాపుల సంగతంటే, 1991లో న్యూయార్క్‌లో కింకోస్, 1996లో మిషిగన్‌లో ఇంకో షాపు కోర్సు ప్యాక్‌ల కేసుల్లో ఓడిపోయాయి. ఇక్కడ షాపు లాభం లెక్కలోకి వచ్చింది. అందుకే అమెరికా సలహాలు చదివి అక్కడ భయపడొద్దు, అక్కడి తీర్పు చూసి ఇక్కడివాళ్లు ధైర్యం చేయొద్దు.

తెలుగు పంతులు:
మా సబ్జెక్టులో ఇంకో లెక్క ఉంది. రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచన మొత్తం అచ్చేసినా అడిగేవారు లేరు. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే 2043 చివరి దాకా హక్కు ఉంటుంది. ఆయన కవిత క్లాసులో ఇచ్చి చెప్పడం వేరు, సంకలనం వేసి అమ్మడం వేరు. నేను ఒకసారి ఆ తేడా తెలియక, కాలేజీ పేరుతో కవితల పుస్తకం వేయించాను. హక్కుదారుల నుంచి ఉత్తరం వచ్చాక క్షమాపణ చెప్పి, మిగిలిన కాపీలు ఆపేశాను. వాళ్ల బాధ న్యాయమే.

బ్రెయిల్ టీచర్:
ఒక్క చోట మాత్రం పుస్తకం మొత్తానికీ దారి ఉంది. చూపు లేని విద్యార్థి కోసం ఆడియోగానో, స్క్రీన్ రీడర్ చదవగల ఫైలుగానో మార్చి ఇవ్వొచ్చు. 2012 సవరణలో 52(1)(జెడ్‌బీ)గా ఇది చేరింది. మీ క్లాసులో అలాంటి పిల్లలుంటే అడగకముందే చేసిపెట్టండి.

డిగ్రీ ఎకనామిక్స్:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం షాపుకెళ్లి ఆ చిన్న పుస్తకం మాస్టర్ కాపీ తెచ్చేసుకున్నాను. ఐదు చాప్టర్లలో ఏది ఏ యూనిట్‌కి అవసరమో ఒక పేజీలో రాసి, సెక్షన్ నంబరు వేసి ప్రిన్సిపాల్ గారికిచ్చాను. రచయిత, పుస్తకం, ప్రచురణకర్త పేర్లు కట్ట మొదటి పేజీలో వేయమన్నారు, వేశాను. లైబ్రరీకి నాలుగు పుస్తకాలూ కొనడానికి ఒప్పుకున్నారు. అయితే పిల్లలు మూడో చాప్టర్ ఫొటోలు తీసి టెలిగ్రామ్‌లో పెట్టారట, గ్రూపులో బయటివాళ్లు కూడా ఉన్నారు. దాని సంగతేంటి మేడం?

లైబ్రరీ మేడం:
అది క్లాసు దాటిపోయింది సార్. తీయించేయండి. మీ క్లాసు పిల్లలు మాత్రమే లాగిన్ అయ్యే చోట పెట్టి, సెమిస్టర్ అవగానే మూసేయండి.