కొట్టివేత కనిపిస్తే పేజీ చించేసే పిల్లతో ఎలా?

మా అమ్మాయి పదో తరగతి. నోట్సులో ఒక్క కొట్టివేత ఉన్నా పేజీ చించి మళ్లీ మొదటి నుంచి రాస్తుంది. పరీక్షలో మొదటి జవాబుకే మెరుగులు దిద్దుతూ, తెలిసిన ప్రశ్నలు కూడా వదిలేసి వస్తోంది. బంధువులు శ్రద్ధ అని మెచ్చుకుంటారు. నాకు అందులో భయమే కనిపిస్తోంది.

మనస్తత్వవేత్తలు హ్యూయిట్, ఫ్లెట్ 1991లో పరిపూర్ణతావాదాన్ని మూడు విధాలుగా వివరించారు: తన నుంచి తాను లోటు లేనితనం ఆశించడం, ఎదుటివారి నుంచి ఆశించడం, లోకం తన నుంచి ఆశిస్తోందని నమ్మడం. మా పిల్లది మూడోదేమో! మార్కుల కోసం మేమెవరం గట్టిగా అడగం, అయినా సరే.

"పర్వాలేదులే" అంటే ఇంకా చిరాకు పడుతోంది. గడియారం పెట్టి పాత ప్రశ్నపత్రాలు రాయించడం మేలా, ఒత్తిడి పెరుగుతుందా? కౌన్సెలర్ దగ్గరికి ఏ దశలో తీసుకెళ్లాలి? చిన్నప్పుడు ఇలాగే ఉన్నవారు చెబితే మరీ మంచిది.