హ్యాచరీలో వాటర్ సోర్స్ హీట్ పంపు రాత్రిళ్లు ఆగిపోతోంది, ప్రతిసారీ గ్యాస్ ఎక్కించడమేనా?

పాకల_హ్యాచరీ:
అందరికీ నమస్కారం. మాది సింగరాయకొండ దగ్గర పాకల వైపు వనామి రొయ్యల హ్యాచరీ, నేను మోటార్లు, కరెంటు పని చూసుకుంటాను. చలికాలంలో లార్వా ట్యాంకుల నీళ్లు 29, 30 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి మా ఓనరు గారు పోయినేడాది డీజిల్ బాయిలర్ తీసేసి వాటర్ సోర్స్ హీట్ పంపు పెట్టించారు. ఫిల్టర్ పాయింటు (లోతు తక్కువ బోరు) నీళ్లు ఒకవైపు నుంచి వచ్చి తమలోని వేడి వదిలి పోతాయి, ఆ వేడితో రెండో వైపు లూపులో నీళ్లు కాగి టైటానియం కాయిల్ గుండా ట్యాంకులకు వేడి ఇస్తాయి. మొదటి సీజను ఏ ఇబ్బందీ లేదు.

ఈసారి నవంబరు వానలు పోయిన దగ్గర్నుంచి రాత్రి ఒంటిగంట, రెండు మధ్య ఎల్‌పీ ట్రిప్ (గ్యాస్ ప్రెషర్ మరీ తగ్గిందని) చూపించి ఆగిపోతోంది. రీసెట్ కొడితే గంట నడిచి మళ్లీ ఆగుతుంది. మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందని ఎక్కించాడు, పది రోజులు బాగుంది, మళ్లీ అదే కథ, రెండోసారి ఎక్కించాడు, ఇప్పుడు కొత్తగా హెచ్‌పీ ట్రిప్ (ప్రెషర్ మరీ పెరిగిందని) కూడా మొదలైంది. పోయిన వారం తెల్లారేసరికి ట్యాంకు 26కి దిగింది. జోయా దశలో ఉన్న రొయ్య పిల్లను బీకరులో తీసి లైటు కింద పెడితే ఒక్కదాని వెనకా రెట్ట దారం లేదు, అంటే మేత తినలేదన్నమాట. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఈ మిషనుకు మన చేతుల్లో ఉండే సర్వీసింగ్ ఏంటి, ఎన్నాళ్లకోసారి చేయాలి?

కావలి_కూలింగ్:
అన్నా, గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, సీలు చేసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉండాలి, లీకు చూపించకుండా ఎక్కించారంటే ఊహించి ఎక్కించినట్టే. ఎల్‌పీ ట్రిప్ గ్యాస్ తగ్గినా వస్తుంది, బోరు నీళ్లు తగ్గినా వస్తుంది. రెండింటికీ తేడా థర్మామీటరే చెబుతుంది. మిషను నడుస్తుండగా బోరు నీళ్లు లోపలికి వెళ్లే చోట ఎంత, బయటికి వచ్చే చోట ఎంత అని చూడండి. గ్యాస్ తక్కువైతే మిషను వేడి సరిగా లాగలేదు కాబట్టి ఆ తేడా తగ్గిపోతుంది. నీళ్లు తక్కువైతే ఉన్న కాసిన్ని నీళ్లలోంచే వేడంతా లాగాలి కాబట్టి తేడా పెరుగుతుంది. నేమ్ ప్లేట్ మీద నీళ్లు నిమిషానికి ఎన్ని లీటర్లు రావాలో కూడా ఉంటుంది, అదీ రాయండి.

పాకల_హ్యాచరీ:
ఇప్పుడే చూశాను. లోపలికి 27, బయటికి 15. ప్లేట్ మీద నిమిషానికి 60 లీటర్లు, తేడా 5 డిగ్రీలు అని ఉంది.

కావలి_కూలింగ్:
చూశారా, 12 డిగ్రీల తేడా! లెక్క తేలికే: నిమిషానికి లీటర్లను డిగ్రీల తేడాతో గుణించి మళ్లీ 0.07తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. 60 లీటర్లు, 5 డిగ్రీలు అంటే 21 కిలోవాట్లు. అంత వేడే 12 డిగ్రీల తేడాతో వస్తోందంటే మీకు వచ్చే నీళ్లు అటూ ఇటుగా 25 లీటర్లు. అందుకే లోపల గ్యాస్ మరీ చల్లబడి ప్రెషర్ పడిపోయి ట్రిప్ అవుతోంది. మొదట్లో లేనిది వానల తర్వాతే వచ్చిందంటే నాకు స్ట్రెయినర్ (నీళ్ల పైపులో చెత్త ఆపే జాలీ) మీద అనుమానం, ఫిల్టర్ పాయింటు నీళ్లతో సన్న ఇసుక వస్తుంది. దాన్ని వారానికోసారి విప్పి బ్రష్‌తో కడగాలి, వానల్లో అయితే రోజు మార్చి రోజు చూడాలి. ఇంకోటి, రాత్రిపూట అదే లైను నుంచి ఇంకెవరైనా నీళ్లు వాడుతున్నారా?

హెచ్‌పీ ట్రిప్ సంగతి కూడా చెప్తాను. గ్యాస్ సరిపడా ఉన్న మిషనుకు రెండుసార్లు ఎక్కిస్తే ఆ ఎక్కువది కండెన్సరులో, అంటే గ్యాస్ తన వేడిని లూపు నీళ్లకు ఇచ్చే చోట, నిండి ప్రెషర్ పెంచుతుంది, ట్యాంకు వేడెక్కేకొద్దీ ఇంకా పెరుగుతుంది. మీది ఆర్-410ఏ రకం గ్యాస్ అయితే మొత్తం సిలిండర్‌లోకి తీసి, వాక్యూమ్ పట్టి, నేమ్ ప్లేట్ మీద ఉన్న తూకం ప్రకారం ద్రవంగా ఎక్కించాలి. దయచేసి గాల్లోకి వదలనివ్వకండి, ఆ గ్యాస్ ఒక్క కిలో రెండు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

నెల్లూరు_లాడ్జి:
ఇవన్నీ మనకెందుకు బ్రదర్, ఏడాది కాంట్రాక్టు ఇచ్చేస్తే వాళ్లే చూసుకుంటారు.

ఒంగోలు_ఆస్పత్రి_ప్లంబింగ్:
కాంట్రాక్టు ఇవ్వండి, వద్దనను, గ్యాస్ పని వాళ్లదే. కానీ వాళ్లు మూడు నెలలకోసారి వస్తారు, స్ట్రెయినర్ నిండటానికి వారం చాలు. అది మన పనే.

మా ఆస్పత్రిలో వేడినీళ్లకు ఇలాంటి మిషనే ఉంది, మాది ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరు. రెండేళ్ల క్రితం మిషను లోపల నీళ్లకూ గ్యాస్‌కూ మధ్య ఉండే ప్లేట్లకు సున్నం పట్టిందని ఒకాయన బాత్రూమ్ యాసిడ్ తిప్పాడు. ఆ రోజు తళతళలాడింది, నాలుగు నెలలకు ప్లేటుకు సూదిమొన అంత చిల్లు పడి నీళ్లు గ్యాస్ లైనులోకి పోయాయి, కంప్రెసర్ పోయింది. స్టీలు ప్లేట్లకు ఆ యాసిడ్ అసలు పనికిరాదు, అందులోని క్లోరైడ్ స్టీలును తొలిచేస్తుంది. నిమ్మ ఉప్పు వాడండి. 20 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక కిలో కలిపి, చిన్న పంపుతో మామూలుగా నీళ్లు పోయే దిక్కుకు ఎదురుగా గంట, రెండు గంటలు తిప్పాలి. నురుగు ఆగిందంటే సున్నం కరిగిందని గుర్తు, తర్వాత వంటసోడా నీళ్లు, ఆపైన మంచినీళ్లు ధారాళంగా. తుప్పురంగు జిగురు పట్టినా ఇదే చాలావరకు వదిలిస్తుంది. మీది హ్యాచరీ కాబట్టి ఆ కడిగిన నీళ్లు ట్యాంకుల దగ్గరికి రానివ్వకండి, రిపేరు పేరుతో రాగి, ఇత్తడి ఫిట్టింగులు సముద్రపు నీళ్లు తగిలే చోట పెట్టనివ్వకండి, లార్వాకు రాగి విషం.

ఇంకో మాట, గోడకు ఒక నోట్‌బుక్ కట్టండి. పొద్దున, రాత్రి నాలుగు అంకెలు చాలు: బోరు నీళ్లు లోపలికి, బయటికి, లూపు నీళ్లు, కంప్రెసర్ ఆంప్స్. తేడా 5 నుంచి 6, 7కి పాకుతుంటే ట్రిప్ కాకముందే పుస్తకం చెప్పేస్తుంది.

పాకల_హ్యాచరీ:
అన్నలిద్దరికీ దండాలు. స్ట్రెయినర్ విప్పితే జాలీ కనపడలేదు, మొత్తం ఎర్రటి జిగురు, అందులో ఇసుక అతుక్కుని అట్టలా వచ్చింది. విప్పకముందు బయటికి పోయే పైపు కింద 20 లీటర్ల క్యాను పెట్టి ఫోన్‌లో టైము చూస్తే నిండటానికి 46 సెకన్లు, కడిగాక 27. ఇంకా 60 రాలేదు. రాత్రి ఒంటిగంటకు మా కుర్రాళ్లు ట్యాంకులు కడగడానికి అదే లైను వాల్వు తిప్పుతున్నారని ఇప్పుడే తెలిసింది. కానీ భయమేసింది మాత్రం ఇంకోటి చూసి, ప్యానెల్‌లో ఫ్లో స్విచ్ (నీళ్లు తగ్గితే మిషను ఆపేది) పనిచేయకుండా దాని వైర్లు రెండూ కలిపి టేపు చుట్టేశారు!

కావలి_కూలింగ్:
మిషను ఆపి ఆ వైర్లు ఈ రోజే విడదీయించండి. నీళ్లు పారకుండా నడిస్తే ప్లేట్ల మధ్య నిలిచిన నీళ్లు గడ్డకట్టి ప్లేట్లు పగుల్తాయి, తర్వాత బాగుచేయడం ఉండదు, మార్చడమే. ఫ్లో స్విచ్ మాటిమాటికీ ఆపుతోందంటే అది నిజం చెబుతోందని. కడిగే నీళ్లకు వేరే లైను ఇవ్వండి. మిగిలిన తగ్గుదల ప్లేట్లలోది అయ్యుంటుంది, నిమ్మ ఉప్పు తిప్పండి. ఆ జిగురు బోరు నీళ్లలో ఇనుముకు గాలి తగిలి పట్టేది, కాబట్టి ఎక్కడా లైను సగం నిండి గాలి ఆడకుండా చూడండి. తుపాను వచ్చి కరెంటు రోజంతా పోయినప్పుడు, కరెంటు రాగానే కంప్రెసర్ స్టార్ట్ చేయకండి. కంప్రెసర్ కింద ఆయిల్ హీటరు ఉంటుంది, మెయిన్ ఆన్ చేసి కనీసం 12 గంటలు ఆగితే ఆయిల్‌లో కలిసిన గ్యాస్ వేరవుతుంది.

పాకల_హ్యాచరీ:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. నిమ్మ ఉప్పు తిప్పాం, కడిగే పనికి రెండో ఫిల్టర్ పాయింటు నుంచి లైను లాగాం, టేపు వైర్లు విడదీసి ఫ్లో స్విచ్ మళ్లీ పనిచేసేలా పెట్టాం. క్యాను 21 సెకన్లలో నిండుతోంది. లోపలికి 27, బయటికి 22. ఎల్‌పీ ట్రిప్ మళ్లీ రాలేదు. హెచ్‌పీ నిన్న ఒకసారి వచ్చింది, గ్యాస్ తీసి తూకం ప్రకారం వేయడానికి శుక్రవారం వేరే మనిషిని పిలిచాం, సిలిండరు, తూకం మిషను తెస్తేనే రమ్మన్నాను. రాత్రి రెండింటికి లేచి చూస్తే ట్యాంకు 29.5 ఉంది, బీకరులో పిల్ల వెనక దారాలు కనిపించాయి.